ఇత్తడి పిన్నుల డబ్బా, అత్తాయా రేవులో నా మోటారు కొట్టు

అల్లా పేరు తలచుకుని రాస్తున్నది.

కెర్కెన్నా దీవుల్లో, అత్తాయా రేవున పడవ మోటార్లు బాగుచేసే ఖెమైస్ బిన్ ఫర్జాని అనే నేను, నిండు తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా అనంతరం జరగవలసిన ఏర్పాట్లు ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. మోకాళ్ళు పోయాయి గానీ మతి పోలేదు. అనుమానమున్నవాళ్ళు ఏ పాత మోటారునైనా నా కిటికీ కింద నీళ్ళలో ఆడించండి. నీళ్ళలో తిరిగి పడవను తోసే పంకాకు ఏం రోగమో కళ్ళు మూసుకుని చెబుతాను.

1. ఇల్లు, ఖర్జూరపు చెట్లు, సముద్రంలో మట్టలు పాతి చేపలు పట్టే మా తాతలనాటి దడి, ఆ దడి నిలిచిన సముద్రపు ముక్కతో సహా, నా ఏకైక వారసుడు, పెద్దకొడుకు తిజానికి సర్వహక్కులతో చెందును. దడి మట్టలు ఏటేటా మార్చవలెను. బద్ధకిస్తే చేపలు నవ్వుకుంటూ పోతాయి.

2. రేవులోని మోటారు కొట్టు, పనిముట్లు, నా పడవ, దాని వెనక తగిలించిన పాత మోటారు, చనిపోయిన నా చిన్నకొడుకు లసాద్ భార్య నజీహాకు చెందును.

లసాద్ జ్వరంతో పోయినప్పుడు, పిల్లలు లేరు కదా, ఆ అమ్మాయిని పుట్టింటికి పంపేయమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. ఆమె తలగుడ్డ బిగించి, కొట్టులోకి వచ్చి పానా పట్టుకుంది. "కూర్చుని ఏడ్చేకన్నా ఇది నయం, మామా" అంది. ఇప్పుడు మోటారు పాడైనవాడు నన్ను పలకరించి, పని ఆమెకు చెబుతున్నాడు. నేను పైకి విసుక్కుంటాను. లోపల నాకెంత గర్వమో ఈ కాగితానికే చెబుతున్నాను.

మా ధర్మంలో వారసుడు కానివారికి మూడో వంతుకు మించి రాయకూడదు. కొట్టు, పడవ కలిపితే మించుతుంది. మించినదానికి తిజాని ఒప్పుకోవాలి. అతను ఒప్పుకోనంటున్నాడు. కొట్టు తనకు వస్తే చేపలకు ఐసు అమ్మేవాడికి అద్దెకిస్తాడట. "ఆడమనిషి చేత పంకా విప్పించుకునే మగాడెవడు, బాబా?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు కొట్టు ముందు అలాంటి మగాళ్ళు వరుసకట్టి ఉన్నారు. కొట్టు పోతే నజీహాకు ఈ దీవిలో నిలబడే చోటు ఉండదు. అందుకే ఈ అంశం కింద తిజాని సంతకానికి ఖాళీ వదిలాను.

3. మోటారుతో పాటు దాని రోగాలూ నజీహాకే రాస్తున్నాను. ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది, పడవ మాత్రం కదలదు. అప్పుడు పెట్రోలు గొట్టం పీకేవాడు ఉత్త గాడిద. ముందు పంకాను ఇరుసుకు పట్టి ఉంచే ఇత్తడి పిన్ను చూడాలి. పిన్ను బాగుంటే పంకా విప్పి వెనక చూడాలి, ఆక్టోపస్‌లను పట్టే కుండల తాడో గాలపు దారమో ఇరుసుకు చుట్టుకుని ఉంటుంది. దాన్నలాగే వదిలేస్తే లోపలి సీలు కోసుకుపోయి, ఉప్పునీళ్ళు దిగి, నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. అదీ కాకపోతే పంకా నడుమనున్న రబ్బరు జారుతోందన్నమాట. పడవ ముక్కుకు కన్ను దిద్దే ఎర్రరంగు తీసుకుని, లోపలి గొట్టం నుంచి రబ్బరు మీదుగా బయటి గొట్టం దాకా ఒకే గీత గీసి, పడవను కాస్త దూరం తిప్పి తేవాలి. గీత తెగి రెండు ముక్కలూ పక్కకు జరిగితే రోగం దొరికినట్టే.

ఈ గీత విద్య నా సొంతం. ఇన్నేళ్ళూ వీపు అడ్డుపెట్టి గీశాను. నజీహా నా భుజం మీంచి చూసి నేర్చేసుకుంది. మొదట ఒళ్ళు మండింది. ఆమె గీసిన గీత నా గీతకన్నా సన్నగా ఉండేసరికి రంగు డబ్బా ఆమె చేతికే ఇచ్చేశాను.

4. ఇత్తడి పిన్నుల డబ్బా మాత్రం తిజానికి. కొట్టు ఆమెది, పిన్నులు వాడివి. కారణం చెబుతాను.

మా సముద్రం లోతు తక్కువ. పంకా ఇసుకతిన్నెకు తగిలితే ఇత్తడి పిన్ను పుటుక్కున విరిగి గేర్లను కాపాడుతుంది. వేరే పిన్ను దగ్గర లేనివాడు నడుం లోతు నీళ్ళలోకి దిగి, పడవను లాక్కుంటూ ఇంటికి నడుస్తాడు. రేవంతా చప్పట్లు కొట్టి, "గాడిదను మేపుకొస్తున్నావా?" అని అడుగుతుంది. ఇది మా ఆచారం. నేనూ నడిచాను, తల ఎత్తుకునే నడిచాను. తిజాని ఒకసారి నడిచి, ఆ ఎగతాళి పడలేక, పిన్ను తీసి ఉక్కు మేకు కొట్టాడు. మళ్ళీ తిన్నె తగిలింది. మేకు నిక్షేపంలా ఉంది, గేర్లు పిండి అయ్యాయి. బాగుచేసేసరికి ఆక్టోపస్ వేట కాలం దాటిపోయింది. అయినా వాడికి బుద్ధి రాలేదు, నా పడవ కావలసినప్పుడల్లా ముందురాత్రే వచ్చి మేకు దిగ్గొట్టి పోతాడు.

5. పక్క ఊరి మెకానిక్ హమాదీకి, అతను తిన్నగా ఉందని ఒట్టేసి బిగించిన వంకర పంకా. గోడకు తగిలించుకోవచ్చు. సాక్షిగానూ అతన్నే పిలిపిస్తున్నాను. నన్ను ఏనాడూ మెచ్చని నోరు సాక్ష్యమిస్తే ఎవరూ కాదనలేరు. అతన్ని నా పడవలో తీసుకురమ్మని తిజానిని ఈ ఉదయం పంపాను.

6. ఇదే రోజు మధ్యాహ్నం చేర్చిన అంశం. రేవులో చప్పట్లు వినబడి కిటికీలోంచి చూశాను. హమాదీ పడవలో పెళ్ళికూతురిలా కూర్చుని ఉన్నాడు. తిజాని నడుం లోతు నీళ్ళలో పడవ లాక్కొస్తున్నాడు. ఎవరో గాడిద మాట అడిగారు. "మేపాను. నడవనని మొరాయించి, ఇదిగో, పైనెక్కి కూర్చుంది" అని హమాదీని చూపించాడు. రేవంతా ఘొల్లున నవ్వింది. నా కొడుకు తల దించలేదు.

తడి పంట్లాంతోనే లోపలికొచ్చి, విరిగిన ఇత్తడి పిన్ను నా దుప్పటి మీద పెట్టాడు.

"తిన్నె గట్టిగా తగిలింది, బాబా. గేర్లు బాగున్నాయి" అన్నాడు. తలుపు దగ్గరున్న నజీహా వైపు తిరిగి, "నా మేకు ఎప్పుడు తీశావు?" అని అడిగాడు.

"నువ్వు కొట్టి వెళ్ళిన ప్రతిసారీ, బావా" అంది ఆమె.

ఇన్నాళ్ళూ గేర్లను కాపాడిందెవరో వాడికి అర్థమైంది. తర్వాత కలం అడిగి తీసుకుని రెండో అంశం కింద సంతకం పెట్టాడు. చట్టప్రకారం నేను పోయాక వాడి ఒప్పుకోలు మళ్ళీ అడుగుతారట. అడగనీ. ఊరంతా చూస్తుండగా నడిచొచ్చినవాడు మాట తప్పడు. సంతకం పక్కనున్న నీటి మరక వాడి చొక్కా చేతిది. దాన్ని దిద్దుబాటుగా ఎవరూ భావించరాదు.

అత్తాయా, 2009 అక్టోబరు 14.

ఖెమైస్ బిన్ ఫర్జాని (వ్రాలు)

సాక్షులు:
మొన్సెఫ్, రేవు కాఫీ కొట్టు యజమాని.
హమాదీ, మెకానిక్. ఐదో అంశంలోని పంకా తిన్నగానే ఉంది. మిగిలినదంతా నా కళ్ళారా చూశాను, నిజం.