కిన్నెర దూకదన్నారు

సుబేదారి, సోమవారం.

గౌరవనీయులైన వీరభద్రం సార్‌కు,

మన గుర్రం కిన్నెరకు అన్యాయం జరిగింది. చేసింది మన రైడింగ్ క్లబ్ సెక్రటరీ, అంటే మీరు. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నారు కనుక, గుర్రాలకు మేతవేసే యాకమ్మ చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఎండాకాలమంతా దాన్ని పెళ్లి బరాత్‌లకు తిప్పారు. నిన్న పోటీలో మూడుసార్లు కంచె ముందు ఆగిందని, ఇప్పుడు ఏకంగా బ్యాండు వాళ్లకే అమ్మేస్తామంటున్నారు. సార్, అది వార్మ్‌బ్లడ్ జాతి గుర్రం! ఇందులో పెట్టిన కరపత్రం నాలుగో పేజీ చూడండి. రేసు గుర్రంలా ఉలిక్కిపడదు, బండి గుర్రంలా బద్ధకించదు. పరుగు పందెంలో ఓడిపోతే పోనీ. కంచెలు దూకడానికైనా, రౌతు సైగకు లయగా అడుగులేసే డ్రెస్సేజ్‌కైనా దాన్ని మించిన జాతి లేదు.

న్యాయం కోరుతూ,
భానుచందర్

తా.క.: కంచె మీద మీ కొట్టులోని ఎర్ర జంపఖానా కప్పింది నేనే. కొత్తవాడ నేతగాళ్ల గౌరవం కోసం. దానికి కూడా వంక పెట్టకండి.

కొత్తవాడ, మంగళవారం.

బిడ్డా భానూ, దీవెనలు.

నీ కరపత్రం నేను చదివిన. గుర్రం చదవలే. పెద్దమనుషుల ముంగట అది మూడుసార్లు నిలబడ్డది. నువ్వొక్కనివే మూడుసార్లు కంచె దాటినవ్, తలకిందులుగ. సరే, నీ డ్రెస్సేజ్ ఏందో బుధవారం చూపెట్టు. అది గూడ కాకపోతే ఆదివారం బ్యాండు రాంప్రసాద్ తోలుకపోతడు.

మీ వీరభద్రం

తా.క.: మా కుర్చీల ముంగట కొత్త జంపఖానా పరిపిస్త. పడితే జర మెత్తగుంటది.

సుబేదారి, గురువారం.

వీరభద్రం సార్‌కు, నమస్కారం కాదు, నిరసన.

నిన్న కిన్నెర ఎంత లయగా నడిచింది! అంతా బాగుండగా నేరుగా మీ దగ్గరికొచ్చి, జంపఖానా మీద నిలబడిపోయింది. "ఇగ దిగు బిడ్డా" అన్నారు మీరు. అందరూ నవ్వారు. అది ఆగింది మిమ్మల్ని నిలదీయడానికి, సార్!

వెనక్కి తగ్గని,
భానుచందర్

తా.క.: నేను దిగలేదు. యాకమ్మ వచ్చి దింపింది.

కొత్తవాడ, శుక్రవారం.

భానూ,

నన్ను నిలదీయనికి అదేమన్న యూనియన్ లీడరా? పని ఎగ్గొట్టే గుర్రం. ఆదివారం ఏడింటికి రాంప్రసాద్ వస్తడు. ముచ్చట ఒడిసింది.

వీరభద్రం

తా.క.: నీ ఉత్తరం చదివి వినిపిస్తే యాకమ్మ ఒకటే నవ్వుడు. "ఫంక్షన్ హాలు కాడ జంపఖానా పరుస్తరు గద సేటూ. అది కనబడంగనే ఆగాలె, పెళ్లికొడుకు దిగేదాంక కదలొద్దని నేనే నేర్పిన. పోటీ సూడనికి నన్నెవరు పిలిచిన్రు?" అంటాంది. పనిలేని ముచ్చట.

సుబేదారి, శనివారం.

వీరభద్రం సార్‌కు నమస్కారాలు.

అన్యాయం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పొద్దున్నే కంచె మీది జంపఖానా తీసేసి కిన్నెరను ఎక్కాను. నాలుగు కంచెలు దూకింది, ఒక్క కర్ర కదల్లేదు! కరపత్రం దాని జాతి గురించి రాసింది గానీ, దానికి ఎవరేం నేర్పారో రాయలేదు. అది యాకమ్మను అడగాల్సింది.

రేపు ఆదివారం, రాంప్రసాద్ కంటే గంట ముందు, క్లబ్ సభ్యులంతా గ్రౌండుకు రావాలి. చూశాక అమ్ముతారో లేదో చెప్పండి.

మీ భానుచందర్

తా.క.: నాలుగో కంచె తర్వాత కిన్నెర ఆగలేదు. గేటు దూకింది, సుబేదారి రోడ్డు మీద టమాటల బండి దూకింది. యాకమ్మ ఎదురొచ్చి జంపఖానా పరిస్తే గానీ నిలబడలేదు. కనుక మీ కొట్టులోంచి ఒకటి, పెద్దది, పట్టుకొని రండి. సరిగ్గా ఆరు గంటలకు. ఆలస్యం చేస్తే మేం హన్మకొండ దాటిపోతాం.