ఒకటి కలపాలి

మార్చి 3, సోమవారం. ఉదయం 8

ప్రకటన. ఈ వర్క్‌షాపులో పనిచేయు, లేదా చేస్తున్నట్టు నటించు సమస్త జనులకూ హెచ్చరిక. కిటికీ గట్టు మీది అంచు విరిగిన టీగ్లాసు నాది. దాన్ని ముట్టినవారి చెప్పులు మేకులతో నేలకు బిగించబడును. ఈ శాసనానికి మినహాయింపు లేదు, అప్పీలు లేదు.

సమస్త జనులంటే బావ ఒక్కడే. ఉన్నదే ఇద్దరం. ఆ చెప్పులు ఇప్పటికే రెండుసార్లు బిగించాను.

బావంటే మా అక్క మొగుడు. వడ్రంగి మేస్త్రీ. నేను పెట్టిన పేరు రూళ్ళకర్ర. ఆయనకి అన్నిటికీ రూలే.

సాయంత్రం

డాక్టరమ్మ క్లినిక్కులో మందుల అల్మరాలకి పన్నెండు తలుపులు చెయ్యాలి. బావ కొలిచి పెన్సిలుతో చెక్క పలక మీద రాసుకున్నాడు. అన్నీ ఇరవై ఎనిమిది అంగుళాలే.

ఆయన కొలత చూసి తీరాలి. టేపు కొసన కొక్కెం కదులుతుంది, కదిలేదాన్ని నమ్మకూడదంటాడు. అది కదలాలనే కంపెనీవాడు అలా చేశాడు బావా అంటే, కంపెనీవాడు నాకు చుట్టమా అంటాడు. అందుకని సున్నా వదిలేసి ఒకటో గీత చెక్క అంచున పెడతాడు. రెండో కొసన ఒకటి కలుపుతాడు. ఇరవై ఎనిమిది కావాలంటే ఇరవై తొమ్మిది దగ్గర గీత. ముప్ఫై ఏళ్ళుగా అంతే. ముప్ఫై ఏళ్ళలో ఒక్క తలుపు తప్పలేదు. ఇక తప్పదు కూడా, నూటికి నూరుపాళ్ళు అన్నాడు.

భోజనాల దగ్గర అబద్ధాల మీద రూలు చెప్పాడు. పెళ్ళయినా చావయినా అబద్ధం అబద్ధమేనట, మంచి అబద్ధం అనేది లోకంలో లేదట. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారుగా బావా అన్నాను. అలాగే కదరా మీ అక్కని నాకు అంటగట్టారు అన్నాడు. అక్క గరిటె తీసుకుంది. మొదటి దెబ్బ నాకే పడింది. అదీ ఆ ఇంట్లో రూలే.

మార్చి 5, బుధవారం

ఈ రోజు ఘనకార్యం. బావ టీకి వెళ్ళినప్పుడు పలక మీద మూడు చోట్ల ఇరవై ఎనిమిదిలో ఎనిమిది చెరిపి ఏడు చేశాను. అచ్చం ఆయన రాతే. ముప్ఫై ఏళ్ళ గర్వం అంగుళం కుంగితే ఎలా ఉంటుందో చూడాలి. చూసి చెబుతాలే బావా.

మార్చి 10, సోమవారం

క్లినిక్కులో తొమ్మిది తలుపులు అగ్గిపెట్టెలో అర దూరినట్టు కూర్చున్నాయి. మూడు అంగుళం కురచ. కింద సందులోంచి మందు సీసాలు కనబడుతున్నాయి.

బావ టేపు తీసి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. ఇరవై ఏడు. డాక్టరమ్మ, ఫరవాలేదు మేస్త్రీగారూ, కింద ఓ బద్ద వేసెయ్యండి అంది. అతుకులు నా చేతిలో లేవమ్మా అన్నాడు. గొంతు ఆయనది కాదు. నా నాలిక మీద మంచి జోకు ఒకటి ఉంది. మింగేశాను.

వర్క్‌షాపుకొచ్చి పలక చూశాను. మూడుసార్లు చూశాను. బావ అడక్కముందే చిత్రిక పట్టి దాని మొహం చెక్కేశాను. ఒక్క అంకె మిగల్లేదు.

మార్చి 11, మంగళవారం

పలకేదిరా అన్నాడు. పొరపాటున చెక్కేశాను అన్నాను. తిడతాడనుకున్నా. తల ఊపాడు.

అక్క పెరట్లోకి పిలిచింది. ఒరే తమ్ముడూ, ఆయన ముద్ద ముట్టడం లేదురా అంది. ఒకటి కలపడం మర్చిపోయాను, అమ్మకీ ఇలాగే మొదలైంది అంటున్నాడట. వాళ్ళమ్మ చివర్లో ఈయన్నే పట్టుకుని, మీదే ఊరు బాబూ అని అడిగింది. రోజూ అడిగేది. రోజూ చెప్పేవాడు.

మార్చి 12, బుధవారం

కొలతలు మళ్ళీ తీసుకోవాలని క్లినిక్కుకి వెళ్ళాం. బావ టేపు తియ్యలేదు. ఇది మా అమ్మ జబ్బేనా అని డాక్టరమ్మని అడిగాడు. ఒక్క మరుపు జబ్బు కాదు మేస్త్రీగారూ, అలాగని కాదనీ చెప్పలేను, పరీక్షలు చెయ్యాలి, చేసినా నూటికి నూరు చెప్పలేం అంది. తలుపు పడుతుంది, లేకపోతే పట్టదమ్మా, మధ్యలో ఇంకోటి ఉండదు అన్నాడు బావ. పరీక్షలొద్దు, నాకు తెలిసిపోయింది అన్నాడు.

ఖాయంగా తెలిసినవాడి మొహం ఇంత భయంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 13, గురువారం

బావ తన చెవి మీది పెన్సిలు తీసి నా చెవి మీద పెట్టాడు. ఇక పనికి రాడట.

మార్చి 14, శుక్రవారం. ఉదయం 11

చెప్పేశాను. నేనే అంకెలు మార్చాను బావా అన్నాను.

నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి కథలల్లుతున్నావు, నీ నోటిమాటకి విలువ నూటికి సున్నా అన్నాడు. డైరీ తెచ్చాను. అయిదో తేదీ పేజీ ఒక్కటే కనబడేలా మిగతావి గట్టిగా పట్టుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తేదీ మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు.

అప్పుడు తనే అన్నాడు, ఓరి దొంగవెధవా, అందుకా పలక చెక్కేశావు అని. సాక్ష్యం తనే అతికించుకున్నాడు. వెంట్రుక సందు లేదు.

ఆ తర్వాత చెంప పగలగొట్టాడు. ఇంత తియ్యటి దెబ్బ అక్క గరిటె కూడా కొట్టలేదు. ముసలాడికి ప్రాణం తీసినంత పని చేశావు కదరా అని తిట్టి తిట్టి, ఆ తిట్ల మధ్యలోనే ఏడ్చాడు. పెన్సిలు లాక్కున్నాడు. అక్కతో అన్నం పెట్టమన్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

సాయంత్రం

శిక్ష ఖరారైంది. ఇక మీదట బావ గీసే ప్రతి గీతా నేను మళ్ళీ కొలవాలి. శిక్ష ఆయన వెయ్యలేదు, నేనే అడిగి వేయించుకున్నాను. నీ బుర్ర ఓసారి పరీక్ష చేయించాలిరా అన్నాడు. నువ్వు తోడొస్తే చేయించుకుంటా, ఇద్దరం కలిసే చేయించుకుందాం అన్నాను. సరే అన్నాడు, నవ్వుతూ. డాక్టరమ్మ బుధవారం రమ్మంది.

మార్చి 17, సోమవారం

కొత్త తలుపులు మూడూ పట్టాయి. రెండో తలుపుకి బావ ఇరవై ఎనిమిది దగ్గర గీత గీశాడు. ఆయన టీకి వెళ్ళినప్పుడు చెరిపి ఇరవై తొమ్మిది దగ్గర గీశాను. అచ్చం ఆయన గీతే.

మార్చి 18, మంగళవారం

అయిదో తేదీన నేను రోజంతా కిటికీలకి రంగు వేశాను. ఆ పేజీ పదమూడున రాసింది. నేను చెక్కేసేనాటికి పలక మీద మూడు చోట్లా ఇరవై ఎనిమిదే ఉంది.