బండి నేనిక తొయ్యను

ఏవండీ, ముందు బ్యాటరీ వైరు తీసి, ఆ తర్వాతే బండి కిందికి దూరండి. స్టార్టర్ మోటారు మళ్లీ విప్పి, అది ఇంజనుకు ఆనే చోట ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దండి. అక్కడ రంగు ఉంటే కరెంటు అందదట, నిన్న నేను పనిచేసే షాపుకొచ్చిన మెకానిక్ చెప్పాడు. పదకొండు రోజులు భోజనాల బల్ల ఆక్రమించి, మోటారులో అరిగిన కార్బన్ ముక్కలు తీసి కొత్తవి వేసి, చివర్లో దానికి ఒంటినిండా నీలం రంగు పూసిందెవరు? బండి కింద ఎవరికీ కనపడని మోటారుకు సోకులెందుకండీ?

మన తాతల వయసున్న ఆ ట్రక్కును రోజూ వీధి చివరిదాకా నేను తోయడం, మీరు స్టీరింగ్ దగ్గర దర్జాగా కూర్చుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అనడం ఇక నావల్ల కాదు. పాలాయన కూడా సైకిలాపి మరీ నవ్వుతున్నాడు.

పాత సామాన్లాయన నాలుగింటికి బండి తీసుకుపోవడానికి వస్తాడు. నేనే రమ్మన్నాను. అలిగి అన్నం మానకండి, హాట్‌బాక్సులో పెట్టాను.

చెప్పడం మరిచాను. "స్టార్ట్ కాని బండి మాకెందుకు, మీరే పట్టుకెళ్లండి" అని ఆయనకు మాటిచ్చాను. స్టార్ట్ అయ్యే బండి సంగతి మా బేరంలో లేదు. ఆ మాట నేను ఊరికే అనలేదు. నాలుగింటిలోపు దాన్ని నడుపుకుంటూ షాపుకొచ్చేయండి. నేను బస్సెక్కను, మీకోసమే చూస్తుంటాను.