సూదికి బద్లీ

భివండీ,
14-9-2003

చిరంజీవి అరుణజ్యోతికి బాపమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగాను. మన ఇంట్లో క్షేమమే. మీ నాన్నకు దగ్గు తగ్గింది. ధామన్కర్ నాకా దగ్గర రోడ్డు తవ్వారు, ఆటోలన్నీ మన గల్లీలోంచే తిరుగుతున్నాయి.

పచ్చడి ఎందుకు పంపలేదని అడిగావు. నీకు కడుపులో మంట తగ్గలేదని తెలిసి పంపలేదు. తగ్గాక అడుగు.

కామెర్ల టీకాకు మూడు సూదుల బదులు రెండు చాలునని మీ పరిశోధనలో తేలితే, మగ్గాల దగ్గర పనిచేసే ఆడవాళ్లకు ఒకరోజు కూలి పోకుండా ఉంటుందని రాశావు. ఆ మాట నచ్చే కదా, మన గల్లీ పన్నెండుమంది టీకా కార్డులు, తేదీలు తప్పకుండా చూడాలని నా డబ్బాలో పెట్టుకున్నాను.

ఇక నీ చివరి ప్రశ్న. ఆ పన్నెండుమందిలో రెండు సూదులూ పడిన దుర్గవ్వకు కామెర్లు ఎట్లా వచ్చాయని మీ పెద్ద డాక్టరు అడుగుతున్నారన్నావు. మా బాపమ్మ తేదీలు తప్పవని నువ్వే ఆయనకు చెప్పావట.

పడింది ఒక్కటే, తల్లీ.

జూలై నాలుగున రెండో సూది. తండ్రి పోయాడని దుర్గవ్వ అప్పటికే సిరిసిల్ల వెళ్లింది. మగ్గం మీది మనిషి ఊరికి పోతే ఆ జాగాలో బద్లీని నిలబెడతాం కదా. అట్లాగే కార్డు చేతికిచ్చి ఆమె తోడికోడలిని సూదికి పంపాను. కార్డు నిండింది. నీ ముందు మన గల్లీ పేరు నిలిచిందనుకున్నాను.

తిరిగొచ్చి దుర్గవ్వ నవ్వింది.

"మగ్గానికి బద్లీ ఉంటది గని, సూదికి గూడ ఉంటదా అవ్వా?"

"శానా మాట్లాడకు. పోయి కండెలు చుట్టు," అన్నాను.

ఆలస్యంగానైనా వేస్తారేమో అడగాల్సింది. అడిగితే తేదీ తప్పిందని తెలిసిపోతుందని ఊరుకున్నాను.

మొన్న మీ నర్సు వచ్చింది. దుర్గవ్వ చాప మీద ఉంది, కళ్లు పసుపు పచ్చగా. రెండూ వేయించుకున్నావా అని నర్సు అడిగితే నా దిక్కు చూసింది.

"రెండు ఏసుకున్న. అవ్వ కాడ కార్డుంది గద, సూడుండ్రి."

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు ఆ సూది వేసినా పనికిరాదట, అడిగాను. కాచుకుని ఉండడమే అన్నాడు ఇక్కడి డాక్టరు. రోజూ పొద్దున జావ తీసుకుపోతున్నాను. నాలుగు చెంచాలు తాగి గోడవైపు తిరుగుతుంది. ఇంకేం చేయాలో నాకు తెలియడం లేదు.

దుర్గవ్వ వివరం సరిదిద్దు, ఎవరి వల్ల తప్పిందో నా పేరుతోనే రాయి. తక్కిన పదకొండు కార్డులూ సరైనవే. నమ్ముతారో లేదో మీ ఇష్టం.

నిన్న జావ తాగుతూ దుర్గవ్వ నా చెయ్యి పట్టుకుంది. "అరుణకు జెప్పకు అవ్వా, పిల్ల చిన్నబోతది," అంది.

చెప్పనని మాటిచ్చి వచ్చి, ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
నీ బాపమ్మ
సుశీలాబాయి