పక్కకు జరిపిన స్తంభం

బాపూ,

మనం వదులుకున్న చేనిలో విమానాశ్రయ భవనానికి ఈరోజు ముగ్గు పోశారు. దాని స్తంభాల లెక్కలు కట్టింది నేనే. నక్షా గీసేటప్పుడు ఒక స్తంభం సరిగ్గా నిన్ను పూడ్చిన చోట పడింది. దాన్ని పక్కకు జరిపాను. అందుకోసం పైకప్పు దూలాన్ని లావు చేయాల్సి వచ్చింది. ఎందుకని పై ఇంజనీరు అడిగితే, అక్కడ నేల మెత్తగా ఉందని అబద్ధమాడాను.

సాయంత్రం అమ్మ వచ్చి ముగ్గు గీతల మధ్య నిలబడింది.

"బాపు మీద బరువు పడదు గద, బిడ్డా?"

"పడదమ్మా. స్తంభం జరిపిన."

అమ్మ నా తల నిమిరి వెళ్లింది.

మందలో గొర్రె కాలు కదిపినా మేలుకునే మనిషివి నువ్వు. స్తంభం జరిపిన చోట వచ్చే ప్రయాణికుల హాలు నేల గీసిందీ నేనే, బాపూ. పొద్దంతా జనం నీ మీదుగా చక్రాల పెట్టెలు గడగడ లాక్కుంటూ పోతారు. ఆ మాట అమ్మకు చెప్పలేదు.