కట్ట రోడ్డు మీద రేవు మెట్లు

నవంబర్ 9, ఆదివారం. ఉదయం 6.
నిద్ర లేదు. పిడుగురాళ్ల సున్నం లారీలు తెల్లవారకముందే మొదలవుతాయి. ఒక్కో లారీకి కిటికీ అద్దం వణుకుతుంది. నిన్న మునిసిపాలిటీ ఇంజనీరు మళ్లీ వచ్చాడు. రోడ్డు వెడల్పుకు వీధిలో అందరూ ఒప్పుకున్నారట. మిగిలింది మా ఇంటి ముందున్న రేవు మెట్లే.

నవంబర్ 11.
ఈ రోడ్డు ఒకప్పుడు చెరువుకట్ట. ఇల్లు నా భార్య ఉష పుట్టింటిది. వాళ్ల నాన్న ఈ మెట్ల దగ్గరే ఎడ్లను కడిగేవాడు. ఇంటింటికీ కుళాయి వచ్చాక నరసరావుపేటలో ఈ చెరువును పట్టించుకున్నవాళ్లు లేరు. చెత్త పోశారు. మట్టి పోశారు. షాపులు కట్టారు. కట్ట మాత్రం కట్టంత వెడల్పులోనే ఉండిపోయింది. దాని మీదే బస్సులు, ఆటోలు, లారీలు.

నీళ్లు పోయినా పోలి పాడ్యమి పోలేదు. కార్తీకం ముగిసిన మర్నాడు తెల్లవారుజామున ఉష చివరి మెట్టు మీద ఇత్తడి గంగాళం నింపి పెట్టేది. వీధిలో ఆడవాళ్లంతా అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి అందులో వదిలేవాళ్లు. మెట్లు ఇవ్వనని రెండేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగింది. గెలిచింది.

నవంబర్ 12.
ఆషాఢంలో ఆమెకు గుండెనొప్పి వచ్చిన రోజు అంబులెన్స్ వీధి మొదట్లోనే ఆగిపోయింది. మా మెట్ల దగ్గర బస్సూ లారీ ఎదురెదురై ఇరుక్కున్నాయి. సైరన్ వినిపిస్తూనే ఉంది. బండి రాలేదు.

ఇది రాయాలని లేదు. రాశాను.

నవంబర్ 14.
ఎదురింటి ఫాతిమా వచ్చింది. కూతురు నజీమాకు నెలలు నిండాయట. కాసేపు ఉష గురించే మాట్లాడింది. లేచి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"అన్నా, నీ మెట్లకి దణ్ణం పెడతా. నా బిడ్డకి నొప్పులొస్తే ఆ బండి గూడా ఆడనే ఆగాలా ఏంది?"

టీ ఇద్దామనుకున్నాను. పాలు విరిగిపోయాయి.

నవంబర్ 17.
సంతకం పెట్టాను. పోలి పాడ్యమి దాటాక పగలగొట్టమన్నాను. ఇంజనీరు సరేనన్నాడు.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. పక్కింటి రాఘవమ్మ పిన్ని గేటు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఉష కాపాడిందాన్ని నువ్వు అప్పజెప్పావు. చానా చదువుకున్నావు నాయనా."

నవంబర్ 18.
అన్నం సయించలేదు. బస్టాండు దాకా నడిచి వచ్చాను. మళ్లీ నడిచాను.

నవంబర్ 21, శుక్రవారం.
గంగాళం నేనే నింపాను. ఎంతవరకు నింపాలో తెలియలేదు. ఎవరూ రారనుకున్నాను. అందరికంటే ముందు పిన్నే వచ్చింది. నా వైపు చూడకుండా నీళ్లు ఎక్కువయ్యాయని రెండు చెంబులు తీసి పారబోసింది. తర్వాత మిగతావాళ్లు వచ్చారు. లారీ వెళ్లినప్పుడల్లా నీళ్లు కదిలి దొప్పలు ఒకదాన్నొకటి తాకుతూ తిరిగాయి. అందరూ అయ్యాక పిన్ని ఒక దొప్ప నా చేతిలో పెట్టింది.

"ఉషది నువ్వే వదులు."

వదిలాను.

నవంబర్ 24.
జేసీబీ వచ్చింది. చివరి మెట్టు లేపితే కింద మట్టి ఇంకా తడిగా ఉంది. నత్తగుల్లలు. చెరువు వాసన. వంగి ముట్టుకున్నాను.

అన్నం వేళ దాటింది. చెయ్యి కడుక్కోలేదు.