కొమురయ్య ఇంటికి రాని నీళ్లు

మంగళవారం

కొమురయ్య పొద్దున పోయాడు. మా ఊరు వరంగల్ నగరంలో కలిసేదాకా నల్లా నీళ్లు వదిలింది అతనే. ఎవరింట్లో చావు జరిగినా, వంతు కాకపోయినా, స్నానాలకని ఆ వాడకే ముందు వదిలేవాడు. ఒకరు చెప్పే పనే ఉండేది కాదు.

కలిస్తే ఖర్చు తగ్గుతుందని సర్పంచిగా తీర్మానం మీద సంతకం పెట్టింది నేను. తగ్గిన మొదటి ఖర్చు అతని జీతమే. పెట్టేటప్పుడు ఆ ఆలోచనే రాలేదు నాకు, సిగ్గులేని చెయ్యి నాది.

ఇవాళ నీళ్లు వదలమని నగరపాలక ఆఫీసుకు ఫోన్ చేశాను.

"మీ వాడకు ఎల్లుండి సార్. మధ్యల ఇడువరాదు."

కొమురయ్య భార్య నా చెయ్యి పట్టుకుంది. "ఆఖరి తానానికన్న జర నీళ్లు ఇడువుమను, సర్పంచ్ సాబ్."

ఎవరితో చెప్పను? చెప్పకుండానే వదిలే మనిషి చాప మీద పడుకుని ఉన్నాడు.